టైటానిక్ చెక్క మీద రెండో మనిషి

(జాతీయ సైన్స్ దినోత్సవం సందర్భంగా కావలిలో ఒక డిగ్రీ కాలేజీలో విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగం ఇది. విద్యార్థులతో పాటు చుట్టుపక్కల పల్లెపాలేల నుంచి కొందరు మత్స్యకారులు కూడా వచ్చారు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న వాళ్ళకి వినపడుతోందా? సరే. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు నాయనా, టబ్బులో నీళ్ళు కదులుతున్నాయి. నాకు ఇప్పుడు నీళ్ళు కదలకుండా ఉండాలి.

నాకిచ్చిన టాపిక్ ఆర్కిమెడిస్ సూత్రం. ఆ పేరు బోర్డు మీద రాయగానే క్లాసులో సగం మంది కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెడతారు. పాఠం చెప్పినన్నాళ్ళూ చూశాను కదా. అందుకని ఈరోజు ఆర్కిమెడిస్‌ని కాసేపు పక్కన కూర్చోబెట్టి, టైటానిక్ సినిమా చివర్లో వచ్చే ఆ చెక్క సంగతి మాట్లాడుకుందాం. 1997లో వచ్చిన సినిమా. మీరంతా అప్పటికి పుట్టనే లేదు. అయినా ఆ సీను చూడని వాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. (నవ్వులు) చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు.

ఓడ మునిగింది. హీరో జాక్, హీరోయిన్ రోజ్ నీళ్ళలో పడ్డారు. నగిషీలు చెక్కిన పెద్ద చెక్క ఒకటి తేలుతూ కనిపించింది. ఇద్దరూ ఎక్కబోయారు, అది పక్కకి ఒరిగి దొర్లింది. జాక్ రోజ్‌ని పైకెక్కించి, తను అంచు పట్టుకుని నీళ్ళలోనే ఉండిపోయాడు. పడవ వెనక్కి వచ్చేసరికి అతను చలికి చనిపోయాడు, ఆమె బతికింది. అప్పటినుంచి ఒకటే గొడవ. అంత చెక్క ఉంది, ఇద్దరికీ చోటుంది, కాస్త జరిగి అతన్ని కూడా ఎక్కించుకోవచ్చు కదా అని. రోజ్‌ని తిట్టని వాళ్ళు లేరు. ఆ అమ్మాయి మీద ఇంత నింద ఎందుకు పడిందో నాకు అర్థం కాదు. ఈ కేసులో నేను ఆమె తరఫు వకీలునే అనుకోండి.

ముందు ఆ చెక్క గురించి. అందరూ తలుపు అంటారు. నిజానికి అది తలుపు కాదు. అసలు టైటానిక్ మునిగాక సముద్రంలో దొరికిన చెక్కముక్కల్లో ఒకటి కెనడాలోని హాలిఫాక్స్ సముద్ర మ్యూజియంలో ఉంది. ఫస్ట్ క్లాస్ లాంజ్ ద్వారబంధం పైన ఉండే చెక్కడపు పలక, ఓక్ కలప. దాన్ని చూసి సినిమా వాళ్ళు తమ పలక చేయించారు. పొడవు సుమారు 8 అడుగులు, వెడల్పు 41 అంగుళాలు. ఆ సినిమా పలకని 2024 మార్చిలో వేలం వేస్తే 7,18,750 డాలర్లు పలికింది. మన డబ్బులో ఆరు కోట్లకు దగ్గర. ఆ డబ్బుకి అల్లూరు దగ్గర ఎన్ని ఎకరాల రొయ్యల చెరువులు వస్తాయో మీరే లెక్కేసుకోండి.

ఎనిమిది అడుగుల పొడవు, మూడున్నర అడుగులకు కాస్త తక్కువ వెడల్పు. ఇద్దరు మనుషులు పడుకోవచ్చా? ఇరుగ్గానైనా పడుకోవచ్చు. కాబట్టి చోటు గురించి వాదన లేదు. చోటుంది. కానీ బస్సులో సీటు వేరు, నీళ్ళ మీద సీటు వేరు. నీళ్ళు మన పిరుదుల సైజు చూడవు, బరువు చూస్తాయి.

ఇప్పుడు లెక్క. బోర్డు మీద రాస్తున్నా, మీరూ రాసుకోండి. పలక మందం నాకు కచ్చితంగా తెలియదు, చెక్కడాలు ఉన్నాయి కాబట్టి సగటున పది సెంటీమీటర్లు అనుకుందాం. 2.44 మీటర్లు, 1.04 మీటర్లు, 0.10 మీటర్లు. గుణిస్తే 0.25 ఘనపు మీటర్లు, అంటే 250 లీటర్లు. ఈ పలక మొత్తం నీళ్ళలో మునిగితే 250 లీటర్ల నీటిని పక్కకి నెడుతుంది. సముద్రపు నీరు లీటరు 1.025 కిలోలు తూగుతుంది. కాబట్టి నీళ్ళు దాన్ని పైకి నెట్టే బలం 256 కిలోల బరువుకి సమానం. ఆర్కిమెడిస్ అంతే చెప్పాడు, ఇంకేం చెప్పలేదు.

దాంట్లోంచి పలక సొంత బరువు తీసెయ్యాలి. ఇక్కడే కలప పేరు ముఖ్యం. ఎండిన ఓక్ సాంద్రత నీటిలో ఏడు పదో వంతులు అనుకుంటే 175 కిలోలు. 256లోంచి 175 పోతే 81. అంటే ఓక్ పలక మీద 81 కిలోలు పెడితే దాని పైభాగం సరిగ్గా నీటి మట్టానికి వస్తుంది. 82వ కిలో పెడితే మునగడం మొదలవుతుంది.

అదే పైన్ కలపైతే? సాంద్రత సగం అనుకోండి. బరువు 125, మిగిలేది 131 కిలోలు. సినిమా కోసం చేసిన పలక అయితే బాల్సా, దూది లాంటి కలప. దాని మీద జాక్, రోజ్, కెమెరామన్ ముగ్గురూ పడుకున్నా సాంద్రత దృష్ట్యా ఇబ్బంది లేదు. జనం సినిమాలో చూసి "తేలుతోంది కదా" అంటున్నది ఆ బాల్సాని. కథలో ఉన్నది ఓక్.

మనుషుల బరువు ఎంత వేద్దాం? రోజ్‌కి, తడిసిన బట్టలతో, లైఫ్ జాకెట్‌తో 60. జాక్‌కి 70. మొత్తం 130. పైన్ మీద 131కి 130. ఒక్క కిలో మిగిలింది. ఓక్ మీదైతే 49 కిలోలు లోటు.

ఒక మాట. తడిసిన బట్టల బరువు నీళ్ళలో ఉన్నంతసేపు తెలియదు. బట్టలో ఉన్న నీళ్ళు బయటి నీళ్ళలో బరువు తూగవు. పైకి లేవగానే తెలుస్తుంది. నడుం దాకా దిగి చీర తడుపుకుని గట్టెక్కిన వాళ్ళని అడగండి. పలక ఎక్కడానికి పెనుగులాడే మనిషికి ఆ క్షణంలోనే ఆ బరువంతా మీద పడుతుంది.

"సార్, ఉప్పునీళ్ళు కదా, బాగా తేలుతారు కదా" అని ఎవరో అన్నారు. ఉప్పు వల్ల వచ్చే లాభం ఎంతో చూద్దాం. ఇక్కడ రొయ్యల చెరువులున్న ఇళ్ళ పిల్లలు ఉంటారు, సెలినిటీ మీటరు చూసే ఉంటారు. సముద్రం 35 పీపీటీ. వెయ్యి గ్రాముల నీళ్ళలో 35 గ్రాముల ఉప్పు. దానివల్ల సాంద్రత పెరిగేది రెండున్నర శాతం. 250 లీటర్ల పలకకి అదనంగా కలిసొచ్చేది ఆరు కిలోల చిల్లర. ఉప్పు చేసిన అసలు పని వేరే ఉంది, దానికి తర్వాత వస్తా.

ఇక టబ్బు దగ్గరికి రండి. ముందు వరస వాళ్ళు లేచి నిలబడితే వెనక వాళ్ళకి కనపడదు, కూర్చునే చూడండి. ఇది మా ఇంట్లో పీట. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం. కాళ్ళు ఊడగొట్టా, మా ఆవిడకి ఇంకా తెలియదు. (నవ్వులు) బరువు 2 కిలోల 300 గ్రాములు. నీళ్ళలో వేశా. తేలింది. ఇప్పుడు ఒక కిలో ఉప్పు ప్యాకెట్టు సరిగ్గా నడిమధ్య పెడుతున్నా. చూడండి, పీట దిగింది, కానీ పైభాగం పొడిగానే ఉంది. నీళ్ళకి, పీట పైభాగానికి మధ్య ఎంత ఉంది? నువ్వు దగ్గరికి రామ్మా, చూసి చెప్పు. "రెండు మిల్లీమీటర్లు కూడా లేదు సార్." అదీ. ఆ రెండు మిల్లీమీటర్లే రోజ్ ప్రాణం.

ఇదే ప్యాకెట్టుని ఇప్పుడు అంచుకి జరుపుతున్నా. బరువు పెరగలేదు, అదే కిలో. నాలుగు వేళ్ళు జరిపా... ఇంకొంచెం... పోయింది! పీట నిలువుగా లేచింది, ఉప్పు అడుగుకి చేరింది. అంటే పీట తన మీద పెట్టిన బరువుని మొయ్యగలదు, కానీ అంచున మొయ్యలేదు. పరీక్షలో మీరు రాసే జవాబుల్లో ఈ రెండో సగం ఎప్పుడూ కనపడదు. తేలడం ఒక సంగతి, తిరగబడకుండా తేలడం ఇంకో సంగతి. జాక్ సీన్లో జరిగింది ఈ రెండోది.

ఎందుకు తిరగబడింది? ఒక పలక ఎడమ వైపు ఒరిగిందనుకోండి. ఎడమ అంచు నీళ్ళలోకి దిగుతుంది, అక్కడ ఎక్కువ నీటిని పక్కకి నెడుతుంది, కాబట్టి నీళ్ళు అక్కడ గట్టిగా పైకి తోస్తాయి. కుడి అంచు పైకి లేస్తుంది, అక్కడ తోపు తగ్గుతుంది. ఈ తేడానే పలకని మళ్ళీ సమానం చేస్తుంది. కానీ ఇదంతా జరగాలంటే ఎడమ అంచు ఇంకా దిగడానికి మిగిలి ఉండాలి. అప్పటికే నీటి మట్టానికి ఉన్న అంచు దిగితే ఏమవుతుంది? నీళ్ళు పైకెక్కుతాయి తప్ప కొత్తగా తోపు రాదు. ఇక సరిచేసే వాడు లేడు. ఓడలు కట్టే ఇంజనీర్లు దీన్ని మెటాసెంటర్ అనే బిందువుతో లెక్కిస్తారు; బరువు కేంద్రానికి అది ఎంత పైన ఉంటే తిరగబడే ప్రమాదం అంత తక్కువ. మన పలకకి రోజ్ ఒక్కతే మధ్యలో ఉన్నప్పుడు మెటాసెంటర్ నీటి మట్టానికి మీటరు దరిదాపు ఎత్తున ఉంటుంది. అది చాలా భద్రమైన స్థితి. పైభాగం మునిగిన మరుక్షణం ఆ మీటరు కాస్తా కుప్పకూలుతుంది.

అంకెల్లో చూడండి. ఓక్ పలక, మీద రోజ్ 60 కిలోలు. మోసే శక్తి 81, మిగిలింది 21. ఈ పలక ఒక మిల్లీమీటరు దిగితే రెండున్నర కిలోల నీటిని నెడుతుంది. కాబట్టి నీటికి పైన ఉన్న పలక ఎనిమిది మిల్లీమీటర్లు. మీ చూపుడు వేలి మందం కూడా లేదు. ఇప్పుడు జాక్ పక్క నుంచి రెండు చేతులూ ఆనించి ఒంటిని పైకి లాగుతున్నాడు. కనీసం 40 కిలోలు అంచు మీద పడతాయి. దాన్ని తట్టుకోవాలంటే ఆ అంచు నాలుగు సెంటీమీటర్ల పైగా కిందికి దిగాలి. దగ్గర ఉన్నది ఎనిమిది మిల్లీమీటర్లు. సినిమాలో పలక ఒరిగి దొర్లిపోవడం డైరెక్టర్ కల్పన కాదు, లెక్క ప్రకారమే జరిగింది. ఆ ఒక్క ప్రయత్నంతో జాక్ విరమించుకున్నాడు. రెండోసారి దొర్లితే రోజ్ కూడా నీళ్ళలో ఉంటుంది.

(శ్రోతల్లోంచి ఒక మత్స్యకారుడు: "పక్క నించి ఎక్కితే ఏ తెప్పయినా తిరగబడుద్ది సారూ. కొస నించి ఎక్కాల. లోపలున్నోడు అవతలి పక్కకి జరగాల.")

విన్నారా? పెద్దాయన రెండు వాక్యాల్లో చెప్పేశారు. నేను ఇప్పుడు దానికి సమీకరణం రాస్తా, మార్కులు మాత్రం ఆయనవి. పలక వెడల్పు కన్నా పొడవు రెండుంపావు రెట్ల పైన ఉంది. తిరగబడకుండా ఆపే గట్టిదనం ఆ నిష్పత్తి వర్గంతో పెరుగుతుంది, ఐదున్నర రెట్లు. కొస నుంచి ఎక్కితే మీ బరువు మధ్య నుంచి ఎక్కువ దూరంలో పడుతుంది, అది నష్టం. అయినా మొత్తం మీద వాలు సగానికన్నా తగ్గుతుంది. కొస దాదాపు అంతే లోతు మునుగుతుంది కానీ పలక దొర్లదు, మీదున్న మనిషి జారిపోదు. ఇంక రోజ్ అవతలి చివరికి పాకితే అది కూడా సర్దుకుంటుంది. జాక్ పల్లెపాలెంలో పుట్టి ఉంటే పక్క నుంచి ఎక్కేవాడు కాదు.

తెప్ప సంగతి వచ్చింది కాబట్టి చెబుతా. ఈ తీరంలో ఫైబర్ బోట్లు రాకముందు తెప్పలే కదా. దుంగల్ని తాళ్ళతో కట్టిన తెప్పకి లోపల గుంట ఉండదు, నీళ్ళు నిండడానికి చోటే లేదు. అల పైనుంచి పోతుంది, దుంగల సందుల్లోంచి జారిపోతుంది. కూర్చున్న మనిషి సగం తడుస్తూనే ఉంటాడు. ఒడ్డుకి రాగానే తాళ్ళు విప్పి దుంగల్ని ఎండబెట్టేవాళ్ళు. ఎందుకు? నీళ్ళు తాగిన చెక్క బరువెక్కి మోసే శక్తి తగ్గుతుంది. నేను ఇందాక ఓక్‌కి ఏడు పదో వంతులు వేశాను, అది ఎండిన చెక్కకి. నానితే ఆ 81 ఇంకా పడిపోతుంది.

మరి పలక నీటి మట్టానికి మునిగిపోయి, ఇద్దరూ దాని మీద సగం తడుస్తూ ఉంటే? అదీ ఒక దారే. దీనికి సినిమా అక్కర్లేదు, ఆ రాత్రి నిజంగానే జరిగింది.

1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40కి ఓడ మంచుకొండని గుద్దింది. తెల్లవారుజామున 2:20కి మునిగింది. కార్పేతియా అనే ఓడ నాలుగు గంటల ప్రాంతంలో వచ్చింది. ఈ మధ్య కాలంలో రెండు మడత పడవలు సరిగ్గా దించకుండానే సముద్రంలో పడ్డాయి. ఒకటి తలకిందులుగా తేలింది. దాని అడుగుభాగం మీద సుమారు ముప్ఫై మంది నిలబడ్డారు. అందులో లైటోలర్ అనే రెండో ఆఫీసరు ఉన్నాడు. లోపల చిక్కుకున్న గాలి కొంచెం కొంచెంగా పోతోంది, పడవ దిగుతోంది. తెల్లారేకొద్దీ అలలు లేచాయి. ఆయన అందర్నీ రెండు వరసలుగా నిలబెట్టి, అల వచ్చినప్పుడల్లా కుడికి వాలండి, నిటారుగా ఉండండి, ఎడమకి వాలండి అని చెబుతూ నడిపాడు. చలికి కొందరు జారిపోయారు, మిగతావాళ్ళు వేరే పడవలు వచ్చి ఎక్కించుకునేదాకా నిలబడే ఉన్నారు. ఇందాక నేను చెప్పిన సరిచేసే తోపు పడవకి లేదు కాబట్టి, ఆ పని మనుషులే తమ ఒళ్ళతో చేశారు.

ఆ రెండో పడవ నిటారుగానే తేలింది కానీ నిండా నీళ్ళు. ఎక్కిన వాళ్ళు మోకాళ్ళ దాకా ఆ నీళ్ళలో నిలబడ్డారు. పడవ తేలుతూనే ఉంది. మనుషులు మాత్రం ఒక్కొక్కరే కూలిపోయారు. లోవ్ అనే ఆఫీసరు తన పడవతో వచ్చేసరికి పన్నెండు మందికి అటూ ఇటూ మాత్రమే మిగిలారు. బరువు లెక్క సరిపోయినా వాళ్ళలో చాలామంది బతకలేదు. ఎందుకు అన్నది ఉప్పు చేసిన పని.

ఆ రాత్రి సముద్రం మైనస్ 2 డిగ్రీలు. మంచినీళ్ళైతే సున్నా దగ్గరే గడ్డ కట్టేవి. ఉప్పు ఉండబట్టి మైనస్ 2 దాకా నీళ్ళుగానే ఉన్నాయి. అంటే ఐసుగడ్డ కన్నా చల్లటి నీళ్ళలో మనుషులు పడ్డారు. గాలితో పోలిస్తే నీళ్ళు ఒంట్లో వేడిని పాతిక రెట్ల దాకా వేగంగా లాగేస్తాయి. చలినీళ్ళ మీద పరిశోధన చేసినవాళ్ళు ఒక గుర్తు చెబుతారు: ఒకటి, పది, ఒకటి. మొదటి ఒక్క నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు, ఎగశ్వాస. దాన్ని దాటితే పది నిమిషాలు చేతులూ కాళ్ళూ చెప్పినమాట వింటాయి. ఆ తర్వాత వేళ్ళు ముడుచుకోవు, తాడు పట్టు ఉండదు. స్పృహ పోవడానికి గంట దాకా పట్టొచ్చు. ఆ రాత్రి చనిపోయిన సుమారు పదిహేను వందల మందిలో చాలామందికి లైఫ్ జాకెట్లు ఉన్నాయి. గుడ్డ సంచుల్లో బెండు ముక్కలు కుట్టిన జాకెట్లు. వాళ్ళు మునగలేదు, తేలుతూనే చనిపోయారు.

ఇదే పలక, ఇదే ఇద్దరు, మన మైపాడు దగ్గర సముద్రంలో ఉన్నారనుకోండి. నీళ్ళు 28 డిగ్రీలు. అంచు పట్టుకుని మెడ దాకా నీళ్ళలో ఉన్న జాక్ బరువు నీళ్ళే మోస్తాయి. తల, భుజాలు పైకి ఉన్నందుకు పలక మీద పడేది నాలుగైదు కిలోలు. రోజ్ పలక మీద, జాక్ అంచున, అలాగే తెల్లారిపోతుంది. ఎండ, దాహం వేరే సమస్యలు. కానీ ఆ సీను విషాదంగా ముగియదు, పొద్దున్నే ఏదో ఒక బోటు వాళ్ళు ఇద్దర్నీ లాక్కుని తిడుతూ ఒడ్డుకి తెస్తారు. (నవ్వులు)

సినిమాలో ఇద్దరూ బతికేవాళ్ళా అన్నదాన్ని పరీక్షించినవాళ్ళు చాలామందే ఉన్నారు. 2012లో మిత్‌బస్టర్స్ అనే టీవీ కార్యక్రమం వాళ్ళు రోజ్ ఒంటి మీది లైఫ్ జాకెట్ తీసి పలక కింద కడితే ఇద్దరూ బతుకుతారని చూపించారు. ఆలోచన బాగుంది. ఎందుకో గమనించండి. నీటికి పైన ఉన్న జాకెట్ బరువే తప్ప ఆధారం కాదు. అదే జాకెట్ నీళ్ళ కిందికి పోతే పైకి తోస్తుంది. ఇప్పటి జాకెట్లు పది నుంచి పదిహేను కిలోలు మోస్తాయి. మన ఓక్ లెక్కలో లోటు 49, జాకెట్ పదిహేను ఇచ్చినా ముప్ఫై నాలుగు మిగిలింది. సాయం చేస్తుంది, సమస్య తీర్చదు. పైగా మైనస్ 2 డిగ్రీల నీళ్ళలో మునిగి, చీకట్లో, తాడు ముడి వెయ్యాలి. పది నిమిషాల వేళ్ళతో. నేను ఏసీ గదిలో కూర్చుని షూ లేసు కట్టుకోవడానికే తంటాలు పడతాను.

డైరెక్టర్ జేమ్స్ కామెరాన్ చాలాకాలం కథ ప్రకారం జాక్ చావాలి, అంతే అని తప్పించుకున్నాడు. అది న్యాయమైన జవాబే. కానీ 2023లో నేషనల్ జియోగ్రాఫిక్ కార్యక్రమం కోసం తానే పరీక్ష పెట్టించాడు. ఇద్దరు స్టంట్ మనుషుల్ని చల్లనీళ్ళలో దించి రకరకాలుగా ఎక్కించారు. ఒక పద్ధతిలో ఇద్దరి ఛాతీ భాగాలూ నీటికి పైన ఉండగలిగాయి. జాక్ బతికి ఉండొచ్చు, కానీ అన్నీ కలిసి రావాలి అని ఆయన ఒప్పుకున్నాడు.

ఆ పద్ధతి మన బోర్డు మీద లెక్కకి ఎట్టా సరిపోతుందో చూడండి, నాకు ఇదే అన్నిటికన్నా ఇష్టమైన భాగం. లోటు 49 కిలోలు. మనిషి బరువులో రెండు కాళ్ళ వాటా మూడో వంతు పైచిలుకు. ఇద్దరూ బోర్లా పడుకుని, ఛాతీలు పలక మీద, కాళ్ళు నీళ్ళలో వదిలేస్తే, 130లో 45 కిలోల దాకా నీళ్ళే మోస్తాయి. 49కి 45. ఇంకో నాలుగు కిలోలు పలక మీద తడిసే పొట్ట చూసుకుంటుంది. గుండె, ఊపిరితిత్తులు బయట ఉన్నాయి, కాళ్ళు గడ్డకట్టినా ప్రాణం ఉంటుంది. ఇద్దరూ ఎదురెదురు అంచుల నుంచి ఒకేసారి ఎక్కితే దొర్లదు కూడా. కాబట్టి నా తీర్పు: ఓక్ పలక మీద ఇద్దరూ పూర్తిగా పడుకోవడం కుదరదు. సగం సగం కుదురుతుంది. ఆ సంగతి ఆ పది నిమిషాల్లో తట్టాలి, అంతే.

నిజంగా అట్టా ఒకడు బతికాడు కూడా. ఇందాక చెప్పిన లోవ్ పడవ చీకట్లో వెతుకుతుంటే తేలే చెక్క మీద ఒక చైనా ప్రయాణికుడు కనిపించాడు. పేరు ఫాంగ్ లాంగ్. ప్రాణాలతో దొరికాడు. సినిమా కోసం ఆ దృశ్యం తీశారు కూడా, ఎడిటింగులో పోయింది. ఒక చెక్క, ఒక మనిషి. అతని పక్కన రెండో మనిషి లేడు.

ఇక ప్రశ్నలు.

(విద్యార్థిని: "సార్, ఇద్దరూ వంతులేసుకుని ఎక్కితే? పది నిమిషాలు ఆమె, పది నిమిషాలు అతను?")

మంచి ప్రశ్న తల్లీ. బరువు లెక్కలో తప్పు లేదు. కానీ ప్రతి మార్పుకీ ఒకసారి ఎక్కాలి, ఒకసారి దిగాలి. ప్రతి ఎక్కుడూ ఇందాక పీట మీద చూసిన ప్రమాదమే. పైగా మొదటి పది నిమిషాలు నీళ్ళలో ఉన్నవాడికి పదకొండో నిమిషంలో ఎక్కడానికి చేతులు ఉండవు. పొడిగా ఉన్న ఒక మనిషిని తడిపి, తడిసిన మనిషిని పైకి తెచ్చి, చివరికి ఇద్దర్నీ చలికి అప్పజెప్పడం అవుతుంది.

(వెనక నుంచి: "సార్, మందు తాగుంటే చలి ఆగేది కదా?")

అడిగేవాడి మొహం చూపించు. (నవ్వులు) తాగితే చర్మం దగ్గర రక్తనాళాలు వెడల్పవుతాయి. వెచ్చగా అనిపిస్తుంది, ఎందుకంటే లోపలి వేడి బయటికి వస్తోంది. బయటికి వచ్చింది సముద్రానికి పోతుంది. టైటానిక్ వంటవాళ్ళలో బ్రెడ్డు చేసే జాకిన్ అనే ఆయన తాగి చాలాసేపు నీళ్ళలో ఉండి బతికానని విచారణలో చెప్పాడు. ఆయన బతికాడు, సంతోషం. దాన్నిబట్టి నువ్వు మాత్రం ప్రయోగం చెయ్యొద్దు.

(మత్స్యకారుడు: "సారూ, మా ఫైబర్ బోటులో థర్మోకోల్ పెట్టిస్తన్నారు. నీళ్ళు నిండినా మునక్కుండా ఉండాలంటే ఎంత పెట్టాల?")

ఇది అసలైన ప్రశ్న. కూర్చో అన్నా, లెక్క చేద్దాం. నీ బోటు ఫైబర్ ఎంత, ఎనిమిది వందల కిలోలు అనుకుందామా? ఫైబర్ నీటి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు. నీళ్ళలో మునిగినప్పుడు దాని బరువులో మూడో వంతు మిగులుతుంది, 270 వేసుకో. ఇంజను 150 అయితే ఇనుము కాబట్టి నీళ్ళలో కూడా 130 తూగుతుంది. ఐదుగురు మనుషులు నడుం దాకా తడుస్తూ కూర్చుంటే ఒక్కొక్కరికి ముప్ఫై, 150. మొత్తం 550. ఒక లీటరు థర్మోకోల్ నీళ్ళలో మునిగితే ఇంచుమించు కిలో మోస్తుంది, దాని సొంత బరువు లెక్కలోకి రాదు. కాబట్టి 550 లీటర్లు, భద్రత కోసం ఏడు వందలు పెట్టించు. నీ బోటు బరువులు నీకే తెలుసు, ఈ అంకెలు మార్చుకుని చెయ్యి.

కానీ ఎంత పెట్టావన్నదాని కన్నా ఎక్కడ పెట్టావన్నది చూడు. అంతా అడుగున పెడితే, నీళ్ళు నిండిన బోటు అడుగుని పైకి తిప్పుకుని తేలుతుంది. మునగదు, కానీ మీరు లోపల ఉండరు. రెండు పక్కలా, పై అంచుకి దగ్గరగా, సమానంగా పెట్టించు. ఇంజను ఉన్న వైపు కాస్త ఎక్కువ పెట్టించు. అప్పుడు బోటు నిండినా నిటారుగా ఉంటుంది. ఇంకొకటి, పెట్రోలు తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. ట్యాంకు పక్కన థర్మోకోల్ పెట్టిన గది మూత సరిగ్గా అంటించారో లేదో నువ్వే దగ్గరుండి చూసుకో, మేస్త్రీ మాట నమ్మి వదిలెయ్యొద్దు.